నిదానమే ప్రధానం: కరాటే నుంచి తైచీ దాకా

"అక్కా, ఇది నిజంగ పనిచేస్తదా?"

ఫస్టియర్ అమ్మాయిల కోసం పెట్టిన సెల్ఫ్ డిఫెన్స్ వర్క్‌షాప్‌లో ఒక చెల్లి అడిగిన ప్రశ్న ఇది. మూడు గంటల వర్క్‌షాప్. నేర్పేది నేనే. ఎవరైనా మణికట్టు పట్టుకుంటే ఎలా విడిపించుకోవాలో అప్పుడే చూపించాను. నా పార్ట్‌నర్ నా క్లాస్‌మేటే. తను పట్టుకుంది, నేను చెయ్యి తిప్పి లాగాను, ఠక్కున వచ్చేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చెల్లి మాత్రం కొట్టలేదు. ముందుకొచ్చి, "నేను పట్టుకుంట, విడిపించుకో అక్కా" అంది. కబడ్డీ ఆడిన చెయ్యి అది. రెండు సార్లు లాగాను, రాలేదు. మూడోసారి ఆమే జాలిపడి వదిలేసింది.

నవ్వుతూ ఏదో సర్దిచెప్పాను. కానీ ఆ ప్రశ్న నాతోపాటే ఇంటికి వచ్చింది. ఎందుకంటే అది నాకు కొత్త ప్రశ్న కాదు. ఈ వ్యాసం దానికి జవాబు చెప్పే ప్రయత్నం. మధ్యలో కొంచెం చరిత్ర, కొంచెం ఫిజిక్స్ వస్తాయి. భయపడకండి, మిడ్‌లో అడగరు.

సికింద్రాబాద్, కమ్యూనిటీ హాలు, ఒక బోర్డు

మాది సికింద్రాబాద్. 1806లో నిజాం సికందర్ జా పేరు మీద వెలిసిన కంటోన్మెంటు ఊరు. ఇక్కడ పెరిగినవాళ్లకు కవాతు చప్పుడు, పొద్దున్నే గ్రౌండ్ల చుట్టూ పరిగెత్తే కుర్రాళ్లు కొత్తేం కాదు. దాదాపు ప్రతి కాలనీలో ఒక కమ్యూనిటీ హాలు, దాని గోడ మీద గాల్లోకి ఎగిరి తన్నే బొమ్మతో ఒక కరాటే బోర్డు ఉంటాయి. మా నాన్న తరానికి ఈ పిచ్చి ఎక్కించింది సినిమాలు. సుమన్, భానుచందర్ తెర మీద తన్నులు తన్నుతుంటే కుర్రకారు ఇంటికొచ్చి గుమ్మాలు తన్నేవారట. మా తరానికి 'తమ్ముడు', 'అమ్మా నాన్న ఓ తమిళ అమ్మాయి' టీవీలో ఎన్నోసారి వస్తున్నా కిక్ బాక్సింగ్ సీన్లు చూడందే నిద్రపట్టదు.

అంతకుముందు మనకు ఇలాంటివి లేవని కాదు. కర్రసాము, కత్తిసాము, కుస్తీ, ఊరూరా తాలింఖానాలు ఉండేవి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీకి ఇనుప గొలుసు కట్టించుకుని, ఊపిరి బిగించి దాన్ని తెంచేవాడని మన పెద్దలు కథలుగా చెప్పుకుంటారు. చాలామంది మర్చిపోయే విషయం ఏమిటంటే, సర్కస్ పెట్టకముందు ఆయన విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడు. అంటే పిల్లలతో మొదలుపెట్టినవాడే.

నేనూ అలాగే పిల్లలతో ఉన్నాను. ఆరో తరగతిలో కరాటేలో చేరాను. ఇంటర్‌లో బ్లాక్ బెల్ట్ వచ్చింది. అప్పటినుంచి సాయంత్రాలు మా సార్‌కు సాయంగా చిన్నపిల్లల బ్యాచ్ చూస్తున్నాను. ఇరవై మంది. ఒకడికి బెల్టు ఊడిపోతుంది, ఒకడికి సరిగ్గా కిక్కుల టైముకే నీళ్లు తాగాలనిపిస్తుంది.

ఆ రోజు బస్సులో

ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. రాయకపోతే మిగతాదంతా ఉపన్యాసం అయిపోతుంది కాబట్టి రాస్తున్నాను.

సెకండియర్‌లో ఒక సాయంత్రం, కిక్కిరిసిన బస్సులో, వెనకనుంచి ఒక చెయ్యి. పొరపాటున తగిలింది కాదని రెండోసారికి అర్థమైంది. మోచేత్తో వెనక్కి కొట్టడం నాకు నిద్రలో కూడా వచ్చు. పిల్లలకు వారానికి మూడు రోజులు నేర్పేది అదే. కానీ నా మోచెయ్యి కదల్లేదు. గొంతు కూడా రాలేదు. రెండు స్టాపుల ముందే దిగిపోయి నడుచుకుంటూ క్లాసుకి వెళ్లాను. వెళ్లి ఏం చేశాను? వరసలో నిలబడ్డ పిల్లలతో "భయపడొద్దు, గట్టిగా అరవాలి!" అన్నాను. ఆ మాట నా చెవికే అబద్ధంలా వినిపించింది.

భయం వేసినప్పుడు శరీరం బిగుసుకుపోవడం సహజమైన ప్రతిస్పందన అని తర్వాత చదివాను. పోరాడటం, పారిపోవడం ఎలాగో, కదలకుండా ఉండిపోవడమూ అలాగే. అది పిరికితనం కాదు. మీలో ఎవరికైనా ఇలా జరిగి ఉంటే ముందు ఈ మాట మనసులో పెట్టుకోండి. కానీ అప్పుడు నాకది తెలియదు. పదేళ్ల కరాటే దండగ అనుకున్నాను. నెల రోజులు క్లాసు మానేశాను.

మంకీ క్యాప్ తాతయ్య

ఆ నెలలోనే పొద్దున్నే పార్కుకి వెళ్లడం అలవాటైంది. అక్కడ ఒక మూల ఏడెనిమిది మంది పెద్దవాళ్లు గాల్లో ఈదుతున్నట్టు చేతులు కదుపుతుండేవారు. వాళ్లకు నేర్పేది రైల్వేలో రిటైరైన ఒక తాతయ్య. ఎండాకాలం తప్ప ఎప్పుడూ మంకీ క్యాప్‌లోనే ఉంటారు. కలకత్తాలో ఉద్యోగం చేసే రోజుల్లో తైచీ నేర్చుకున్నారట. నేను మొదట నవ్వుకున్నాను, ఇది కూడా ఫైటింగేనా అని.

"నన్ను తొయ్యి బిడ్డా" అన్నారు ఒకరోజు.

డెబ్బై ఏళ్ల మనిషిని ఎలా తోస్తాం? మెల్లగా తోశాను. "అన్నం తినలేదా?" అన్నారు. గట్టిగా తోశాను. ఆయన నడుము కొంచెం తిప్పారంతే. తోయాల్సిన చోట మనిషి లేడు, నేనే రెండడుగులు ముందుకు తూలాను. తర్వాత నా మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి, "ఊపిరి ఎందుకు ఆపినవ్?" అని అడిగారు. నిజమే, ఆపేశాను. భుజాలు చెవులదాకా లేచి ఉన్నాయి. ఎవరో ముట్టుకోగానే నా శరీరం చేసే మొదటి పని అదే. బస్సులో చేసిందీ అదే.

"ఇది నేర్చుకుంటే కొట్లాటల గెలుస్తవని నేను చెప్పను. నేను ఎన్నడూ కొట్లాడలే. పొద్దున బీపీ గోలీ వేసుకుంట, ఇది చేస్త. గంతే" అన్నారు. ఇంత నిజాయితీగా తన విద్య గురించి చెప్పిన గురువును నేను అంతకుముందు చూడలేదు. మర్నాటినుంచి ఆ మూల వరసలో నేనూ ఒకదాన్ని.

ఇంతకీ తైచీ అంటే?

పూర్తి పేరు తైజిచువాన్. 'చువాన్' అంటే పిడికిలి, అంటే యుద్ధవిద్య. 'తైజి' అంటే యిన్, యాంగ్ రెండూ పుట్టే పరమ మూలం. చాలామంది ఇందులో 'చీ' అంటే ప్రాణశక్తి అనుకుంటారు. ఆ 'చీ' వేరే పదం. ఉచ్చారణ దగ్గరగా ఉండటం వల్ల వచ్చిన గందరగోళం ఇది.

చైనాలోని హెనాన్ ప్రాంతంలో చెన్ కుటుంబాల ఊరు ఒకటి ఉంది. 17వ శతాబ్దంలో చెన్ వాంగ్‌టింగ్ దీనికి రూపమిచ్చాడని ఆ కుటుంబం చెప్పుకుంటుంది. అక్కడ నేర్చుకున్న యాంగ్ లూచాన్ (1799–1872) దీన్ని బీజింగ్‌కు తీసుకెళ్లాడు. ఆయన మనవడు యాంగ్ చెంగ్‌ఫూ (1883–1936) కదలికలను పెద్దవిగా, నెమ్మదిగా, ఒకే వేగంతో సాగేలా స్థిరపరిచాడు. ఇవాళ పార్కుల్లో కనిపించేది ఎక్కువగా ఆ బాణీయే. 1956లో చైనా క్రీడాశాఖ దాన్ని 24 భంగిమల చిన్న వరసగా కుదించింది. నేను నేర్చుకున్నదీ ఈ 24 భంగిమలే. 2020లో యునెస్కో తైచీని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

నెమ్మదిగా చేసే ప్రతి కదలికకూ యుద్ధంలో ఒక అర్థం ఉంటుంది. మేఘంలా చెయ్యి కదిలించడం అంటే వచ్చే దెబ్బను పక్కకు మళ్లించడం. అర్థం తెలియకుండా చేస్తే అది చేతులు ఊపుకోవడమే.

మెల్లగా ఎందుకు? మన సబ్జెక్టులోనే జవాబు ఉంది

ఇక్కడ మన భాషలో మాట్లాడుకుందాం. స్కూల్లో గరిమనాభి అని చదువుకున్నాం గుర్తుందా? మనిషి నిశ్చలంగా నిలబడాలంటే గరిమనాభి నుంచి కిందికి గీసిన గీత పాదాల మధ్య జాగాలోనే పడాలి. మామూలుగా నడిచేటప్పుడు మనం ప్రతి అడుగుకీ కొంచెం ముందుకు పడుతూ, రెండో పాదంతో ఆ పడటాన్ని ఆపుకుంటూ వెళ్తాం. వేగం మన తప్పును కప్పేస్తుంది.

ఇప్పుడు అదే అడుగును పది సెకన్లలో వేయండి. ఆసరాకు వేగం ఉండదు. ప్రతి క్షణం ఆ గీత పాదం మీదే ఉండాలి, లేదంటే తూలిపోతారు. డైనమిక్స్ ప్రాబ్లంను స్టాటిక్స్ ప్రాబ్లంగా మార్చి, ఒక్కో పాయింటు దగ్గర చెక్ చేయడం లాంటిది ఇది. కోడింగ్ చేసేవాళ్లకైతే ప్రోగ్రామ్‌ను ఒక్కో లైను నడుపుతూ బగ్ వెతకడం అనుకోండి.

మొదటి రోజే నా బగ్గులు బయటపడ్డాయి. పదేళ్లుగా నా కుడి మోకాలు పాదం వైపు కాకుండా లోపలికి వాలుతోంది. కిక్కు వేగంలో ఎవరికీ కనపడలేదు, నాకు కూడా.

అలాగని కరాటేలో నెమ్మది లేదని కాదు. గోజు ర్యూ బాణీలో సాంచిన్ అనే కటా మొత్తం ఊపిరితో, నెమ్మదిగా సాగుతుంది. అసలు గోజు అంటేనే కఠినం, మృదువు అని అర్థం. లోపం విద్యలో కాదు. పరీక్షకు కావలసినంతే చదివే మన అలవాటులో ఉంది.

మణికట్టు ఎందుకు రాలేదంటే

మనం ఒకరి చెయ్యి పట్టుకున్నప్పుడు నాలుగు వేళ్లు ఒకవైపు, బొటనవేలు ఒకవైపు ఉంటాయి. బలహీనమైన చోటు బొటనవేలు, వేళ్ల కొసలు కలిసే సందు. ముంజేతి సన్నటి అంచును ఆ సందుకు ఎదురుగా తిప్పి, మోచేతిని అవతలివాళ్ల వైపు తోస్తూ తీయాలి. అప్పుడు ముంజెయ్యి మొత్తం మీటలా పనిచేసి వాళ్ల బొటనవేలి మీద టార్క్ పడుతుంది. నేను వర్క్‌షాప్‌లో చేసిందేమిటి? కంగారులో వెనక్కి వాలి నేరుగా లాగాను. అంటే నా బైసెప్స్‌కూ ఆ చెల్లి పట్టుకూ టగ్ ఆఫ్ వార్ పెట్టాను. పైగా వెనక్కి వాలడంతో నా సొంత కాళ్ల మీద నేను లేను.

నా క్లాస్‌మేట్‌తో ఎందుకు వచ్చిందంటే, తను వదలాలనే పట్టుకుంది. కరాటే క్లాసుల్లో పెద్ద సమస్య ఇదే. పార్ట్‌నర్ సహకరిస్తుంటే ప్రతి టెక్నిక్కూ పనిచేస్తుంది.

తైచీలో దీనికి విరుగుడుగా ఒక సాధన ఉంది, 'తోసే చేతులు' అంటారు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ముంజేతులు ఆనించుకుని, మెల్లగా ఒకరినొకరు తోసుకుంటూ, తోపును జారవిడుస్తూ ఉంటారు. దెబ్బలుండవు, కానీ అవతలి మనిషి నిజంగానే మిమ్మల్ని తూలించాలని చూస్తుంటాడు. ఇంకో మనిషి ఒంటి ఒత్తిడి మీ మీద ఉండగానే ఊపిరి ఆగకుండా, భుజాలు బిగుసుకోకుండా ఉండటం ఇక్కడ కొంచెం కొంచెంగా అలవాటవుతుంది. నాకు తైచీలో అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే. మొదటి రెండు నెలలూ తూలుతూనే ఉన్నాను. మూడో నెలలో ఒక రోజు తూలలేదని కాదు. తూలుతూ కూడా ఊపిరి తీసుకుంటున్నానని గమనించాను.

నేర్పితే తెలిసింది

మళ్లీ పిల్లల క్లాసుకు వెళ్లాను. ఈసారి అన్నీ సగం వేగంతో చేయించాను. మెల్లగా చేస్తే పిల్లలకు ప్రశ్నలు పుడతాయని అప్పుడే తెలిసింది. మూడో తరగతి పిల్లాడొకడు, "అక్కా, ఒక చెయ్యితో గుద్దుతున్నం కదా, ఇంకో చెయ్యిని నడుం కాడికి ఎందుకు గుంజుతున్నం?" అన్నాడు.

నేను నోరు తెరిచి మూసేశాను. కొన్ని వేలసార్లు చేసి ఉంటాను, ఒక్కసారీ అడగలేదు. సార్‌ను అడిగి తెలుసుకున్నాను. దాన్ని హికిటే అంటారు. ఆ వెనక్కి లాగే చేతిలో అవతలివాడి చెయ్యి ఉందనుకోవాలి. పట్టుకుని గుంజి, వాడి బ్యాలెన్స్ చెడగొడుతూ గుద్దడం అన్నమాట. మర్నాడు ఆ పిల్లాడి చేతనే నా చెయ్యి పట్టించి గుంజించాను. వాడి ముఖం వెలిగిపోయింది. నాకైతే సిగ్గూ సంతోషం రెండూ కలిగాయి.

పిల్లలకు నేర్పడం కోసం యుద్ధవిద్యలు మారుతూ వచ్చాయి. 1900ల తొలి ఏళ్లలో ఒకినావాలో అంకో ఇతోసు స్కూలు పిల్లల కోసం పినాన్ అనే ఐదు కటాలు కూర్చాడు. ఆయన శిష్యుడు గిచిన్ ఫునకోషి 1922లో టోక్యోలో కరాటేను ప్రదర్శించాడు. ఆయన కూడా బడిపంతులే. 1882లో జూడో బడి కోడోకాన్ పెట్టిన జిగోరో కానోదీ అధ్యాపక వృత్తే. మనం మోజుపడే నల్ల బెల్టు ఆ జూడో నుంచే కరాటేకు వచ్చింది. మొదటి డాన్‌ను షోదాన్ అంటారు. 'షో' అంటే ఆరంభం. అంటే బ్లాక్ బెల్ట్ అర్థమే "ఇప్పుడు మొదలుపెట్టు" అని. సర్టిఫికెట్‌ను ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టినప్పుడు నాకు ఎవరూ ఈ అర్థం చెప్పలేదు!

తైచీ మీద అతిశయోక్తులు వద్దు

ఒక సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. ముట్టుకోకుండానే మనుషుల్ని పడగొట్టే 'మాస్టర్ల' వీడియోలు మీ ఫోన్లకు వస్తూనే ఉంటాయి. నమ్మకండి. అక్కడ కూడా పడేవాళ్లు సహకరిస్తున్నారు, నా క్లాస్‌మేట్ లాగానే.

లెక్కకు నిలిచే ప్రయోజనాలు వేరే ఉన్నాయి. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. పార్కిన్సన్స్ జబ్బు ఉన్న 195 మందిని మూడు గుంపులు చేసి, వారానికి రెండు గంటల చొప్పున 24 వారాలు ఒక గుంపుకు తైచీ, ఒక గుంపుకు బరువులతో వ్యాయామం, ఒక గుంపుకు స్ట్రెచింగ్ చేయించారు. నిలబడి బ్యాలెన్స్ చేసుకునే పరీక్షల్లో తైచీ గుంపు మిగతా రెండింటికన్నా మెరుగ్గా ఉంది. పడిపోవడాలు స్ట్రెచింగ్ గుంపుతో పోలిస్తే తగ్గాయి. బరువులు ఎత్తినవాళ్లతో పోలిస్తే మాత్రం ఆ విషయంలో స్పష్టమైన తేడా రాలేదు. అద్భుతం కాదు, కానీ ఇంట్లో బాత్రూంలో జారిపడే వయసువాళ్లు ఉన్నవారికి ఇది చిన్న సంగతీ కాదు.

మరి, పనిచేస్తదా?

ఇప్పుడు ఆ చెల్లి ప్రశ్నకు జవాబు. మూడు గంటల్లో నేర్చుకున్న మణికట్టు టెక్నిక్కు పనిచేస్తుందని నేను మాట ఇవ్వలేను. ఇస్తే అది మోసం. దాన్ని నమ్ముకుని మీరు తప్పించుకోగలిగిన గొడవలో నిలబడితే ఆ పాపం నాదే. అప్పుడు బిగుసుకుపోయి, "అన్నీ నేర్చుకుని కూడా ఏమీ చేయలేకపోయాను" అని మిమ్మల్ని మీరే తిట్టుకుంటే అదీ నాదే.

అందుకే తర్వాతి వర్క్‌షాప్‌లో వరస మార్చాను. మొదటి గంటలో టెక్నిక్కులు లేవు. గోడవైపు తిరిగి నిలబడి, పక్కనున్నవాళ్లు భుజం మీద చెయ్యి వేసినప్పుడు ఊపిరి వదలడం, "చెయ్యి తీయ్!" అని గట్టిగా అనడం. అంతే. ఎంత కష్టమో తెలుసా? నలభై మందిలో మొదటిసారి గొంతు పైకి వచ్చింది ఐదారుగురికే. పదోసారికి హాలు దద్దరిల్లింది. రెండో గంటలో నిలబడటం, పడటం, లేవడం, దారి చూసుకుని వెళ్లిపోవడం. 112కి ఫోన్ చేయడం, 2014 నుంచి పనిచేస్తున్న షీ టీమ్స్‌కు ఫిర్యాదు చేయడం కూడా టెక్నిక్కులుగానే చెప్పాను. మణికట్టు సంగతి చివరి అరగంటలో, గట్టిగా పట్టుకునే పార్ట్‌నర్లతో. చాలామందికి రాలేదు. "రాలేదని తెలియడమే ఇవాళ్టి పాఠం, కావాలంటే రోజూ రండి" అన్నాను.

నలభై మందిలో ముగ్గురు వస్తున్నారు. అందులో కబడ్డీ చెల్లి ఒకతి. మొన్న మళ్లీ నా చెయ్యి పట్టుకుంది. ఈసారి మూడింటిలో ఒకసారి విడిపించుకున్నాను. "మెల్లగ మెల్లగ వస్తుంది అక్కా" అని నాకే ధైర్యం చెప్పింది.

మీరూ ఒకటి చేసి చూడండి. హాస్టల్ రూంలో కుర్చీలోంచి పది సెకన్లలో లేవండి. ఎక్కడ కుదుపు వచ్చిందో, ఎక్కడ ఊపిరి ఆగిందో గమనించండి. రేపు మళ్లీ లేవండి. మంకీ క్యాప్ తాతయ్య నాకు ఇచ్చిన మొదటి హోంవర్క్ అదే. ఏడాదిన్నర అయింది, నాకు ఇంకా ఏడో సెకను దగ్గర కుదుపు వస్తూనే ఉంది.